తిరుపతి ఎండల్లో తాబేలుకు బల్బు ఎందుకు?

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. మిద్దె కింది గదిలో రాత్రి పదింటికి కూడా థర్మామీటరు 35 చూపిస్తుంటే, తొట్టెలోని తాబేలుకో ఇగ్వానాకో (అమెరికా ఖండపు పెద్ద బల్లి) వేడి బల్బు పెట్టమని ఎవరైనా చెబితే నవ్వొస్తుంది. ఆ నవ్వులో సగం న్యాయం ఉంది. చలిదేశాల వీడియోలు చూసి 150 వాట్ల బల్బు, అడుగున హీటింగ్ మ్యాటు, రాత్రికి ఎర్ర బల్బు అన్నీ కొని బిగిస్తే చిత్తూరు, తిరుపతి ఇళ్లలో జంతువు ఉడికిపోతుంది. చిక్కంతా మిగతా సగంలో ఉంది. ‘మన ఎండ చాలదా’ అని ఏమీ పెట్టకుండా హాల్లో పెంచిన తాబేటి పిల్ల కొన్ని నెలలకే మెత్తబడిన డిప్పతో పశువైద్యుడి ముందుకు వస్తుంది.

రెండు పొరపాట్లకూ మూలం ఒకటే: వేడి, వెలుతురు, అతినీలలోహిత కిరణాలు మూడూ ఒకే సరుకనుకోవడం. ఆరుబయట ఎండలో అవి కలిసే వస్తాయి. ఇంట్లోకి వచ్చేసరికి విడిపోతాయి. వేడి స్లాబు గుండా, గోడల గుండా దిగుతుంది. వెలుతురు కిటికీలోంచి వస్తుంది. ఎముకలకు అవసరమైన యూవీ-బీ (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) మాత్రం కిటికీ అద్దం దగ్గరే ఆగిపోతుంది. మన ప్రాంతంలో మొదటిది ఎక్కువై, మూడోది అసలు లేక జంతువులు చస్తున్నాయి. అందుకే ఏ పనికి ఏ దీపం అన్నది విడివిడిగా తేల్చుకోవాలి.

ముందు, ఏ జంతువుల గురించి ఈ మాటలన్నది చెప్పుకోవాలి. చిత్తూరు జిల్లా పొలాల గట్ల మీద కనబడే నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ, చెరువు తాబేళ్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్నవి. వాటిని ఇంట్లో పెంచడం నేరం. దొరికితే అటవీ శాఖకు అప్పగించడమే. ఇగ్వానా, బాల్ పైథాన్ (ఆఫ్రికా కొండచిలువ) వంటి విదేశీ జాతులు సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి కాబట్టి, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. అక్వేరియం దుకాణాల్లో విరివిగా అమ్మే ఎర్రచెవుల తాబేలు అమెరికాది. పెద్దదయ్యాక భారమై, పుణ్యం వస్తుందని దాన్ని గుడి కోనేట్లోనో ఊరి చెరువులోనో వదిలేసేవాళ్లున్నారు. అది పుణ్యం కాదు. ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జాతుల జాబితాలో ఆ తాబేలు ఉంది. చెరువులోకి చేరితే మన తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది.

వేడి: ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముఖ్యం

సరీసృపం తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. ఒళ్లు చల్లబడితే వెచ్చటి చోటికి, వేడెక్కితే చల్లటి చోటికి జరిగి సర్దుకుంటుంది. తిన్నది అరగడం, రోగాలను తట్టుకోవడం ఈ అటూఇటూ తిరగడం మీదే ఆధారపడి ఉంటాయి. కాబట్టి తొట్టె అంతా ఒకే ఉష్ణోగ్రత ఉండటం, అది ‘సరైన’ ఉష్ణోగ్రతే అయినా, జంతువుకు ఇబ్బందే. ఒక కొస వెచ్చగా, ఎదురు కొస చల్లగా ఉండాలి. మధ్యలో ఎక్కడ ఆగాలన్నది దాని ఇష్టం.

ఎర్రచెవుల తాబేలుకు ఎండ కాచుకునే రాయి మీద 32 నుంచి 35 డిగ్రీలు, నీళ్లు 24 నుంచి 27 మధ్య ఉండాలి. పిల్లలకు నీళ్లు ఇంకో డిగ్రీ ఎక్కువున్నా మంచిదే. పచ్చ ఇగ్వానాకు కొమ్మ మీద 35 నుంచి 38, చల్లటి వైపు 26 నుంచి 29. బాల్ పైథాన్‌కు వెచ్చటి వైపు 31 నుంచి 33, చల్లటి వైపు 25 నుంచి 27. ఈ అంకెల పక్కన మన గది ఉష్ణోగ్రత పెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది. జనవరిలో తిరుపతి ఇంట్లో పగలు 26, 27 ఉంటుంది. అంటే చల్లటి కొస దానంతట అదే సిద్ధంగా ఉంది, వెచ్చటి చోటు ఒక్కటి తయారు చేస్తే చాలు. మే నెలలో గది 36 అయితే వెచ్చటి చోటు ఉన్నట్టే, లేనిది చల్లటి కొస. అప్పుడు బల్బు వెలిగిస్తే జంతువుకు పారిపోయే దారి మూసేసినట్టు.

వేడికి మన ఊళ్లలో మేలైన సాధనం మామూలు ఫిలమెంటు బల్బు, లేదా హాలోజన్. పైనుంచి వెలుగుతో కూడిన వేడి ఇచ్చేది సూర్యుడి తరహా, సరీసృపానికి అలవాటైన తరహా. ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు. దాంతో తాబేలు రాయి వెచ్చబడదు. తాబేలు రాయికి 40 వాట్ల బల్బును 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున కట్టి మొదలుపెట్టండి. అరగంట తర్వాత రాయి ఉపరితలాన్ని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో (తాకకుండానే వేడి చూపించే పరికరం) కొలవండి. ఎక్కువైతే బల్బు పైకి, తక్కువైతే కిందికి. దూరం రెట్టింపైతే చేరే వేడి సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి అయిదు సెంటీమీటర్ల మార్పు కూడా బాగానే తెలుస్తుంది. తొట్టె గోడకు అంటించే రంగుల స్టిక్కరు థర్మామీటరు గాజు వేడిని చూపిస్తుంది తప్ప జంతువు వీపు మీది వేడిని కాదు. దాన్ని నమ్మి బల్బు మార్చడం వృథా.

పెద్ద ఇగ్వానాకు ఇంకో సంగతి. ఒకే బల్బు దాని వీపులో అరచేతంత మేరకే వేడి పోస్తుంది. తల, తోక చల్లగానే ఉంటాయి. ఒళ్లంతా వెచ్చబడలేదని అది కదలకుండా గంటల తరబడి అక్కడే కూర్చుంటుంది, వీపు మీద చర్మం కాలుతుంది. 100 వాట్ల బల్బు ఒకటి పెట్టే బదులు 40 లేదా 60 వాట్లవి రెండు పక్కపక్కనే పెట్టి, మొండెం మొత్తం వెలుగులో ఉండేలా చూడాలి.

హోల్డరు పింగాణీదే కావాలి. ఇళ్లలో వాడే ప్లాస్టిక్, బేకలైటు హోల్డర్లు బోర్లించిన డోము లోపల వారాల తరబడి వేడికి పెళుసెక్కి విరుగుతాయి. మన బల్బులు ఎక్కువగా పిన్ను రకం, బీ22. సిరామిక్ హీటర్లు, విదేశీ సరీసృప బల్బులు మర రకం, ఈ27. మర హోల్డరు పింగాణీలో కొంటే రెండు రకాల దీపాల్లో దేనికీ ఇబ్బంది ఉండదు, మర రకం ఫిలమెంటు బల్బులూ దొరుకుతాయి. బయటి దేశం నుంచి తెప్పించిన బల్బు మీద 110 వోల్టులని ఉంటే మన 230 వోల్టుల్లో పెట్టగానే మాడిపోతుంది, కొన్నిసార్లు పగిలిపోతుంది.

రాత్రికి వెలుతురు వద్దు. ఎర్ర బల్బు, నీలి బల్బు జంతువుకు కనబడదని అమ్మేవాళ్లు చెబుతారు. కనబడుతుంది. నిద్ర చెడుతుంది. రాత్రి వేడి నిజంగా అవసరమైతే వెలుగు ఇవ్వని సిరామిక్ హీటరే దారి. తిరుపతిలో ఆ అవసరం డిసెంబరు, జనవరి నెలల్లో ఇగ్వానాకూ పైథాన్‌కూ మాత్రమే వస్తుంది. పలమనేరు, మదనపల్లె వైపు భూమి సుమారు 700 మీటర్ల ఎత్తు, చలి ఎక్కువ. అక్కడ అది తప్పదు. 60 వాట్లది చాలు, గది 23కు దిగినప్పుడే వెలిగేలా.

కరెంటుతో వేడెక్కే హీటింగ్ రాళ్ల జోలికి అసలు పోకూడదు. సరీసృపం పైనుంచి వచ్చే వేడిని గుర్తించినంత బాగా పొట్ట కింది వేడిని గుర్తించదు. కాలుతున్నా కదలదు. మ్యాటు వాడితే నేలలో మూడో వంతుకు మించకుండా, థర్మోస్టాట్‌తోనే (వేడిని బట్టి కరెంటు తనంతట తానే కలిపి ఆపే పెట్టె).

థర్మోస్టాట్ దగ్గర జరిగే తప్పులు

కోడిగుడ్ల ఇంక్యుబేటర్లకు వాడే ఎస్‌టీసీ-1000 కంట్రోలరు చౌక, ఈ పనికి సరిపోతుంది. 1, 2 టెర్మినళ్లకు కరెంటు, 3, 4కు సెన్సరు, 5, 6 వేడి రిలే, 7, 8 చల్లదనం రిలే. రిలే ఒట్టి స్విచ్చు మాత్రమే, దానంతట అది కరెంటు ఇవ్వదు. ఫేజు వైరును 5లోకి తెచ్చి, 6 నుంచి బల్బుకు తీసుకెళ్లాలి. ఇది తెలియక నేరుగా బల్బు రెండు వైర్లూ 5, 6కు కలిపి ‘పని చేయడం లేదు’ అని పెట్టెను పారేసినవాళ్లున్నారు. ఎఫ్1లో కావలసిన ఉష్ణోగ్రత, ఎఫ్2లో తేడా. ఎఫ్1 ముప్పై అయిదు, ఎఫ్2 రెండు పెడితే 33కు వెలుగుతుంది, 35కు ఆరుతుంది. వైరింగు చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నీళ్ల తొట్టె పక్కన ప్రయోగాలు వద్దు.

వేడి, చల్లదనం రెండు రిలేలూ ఉన్నాయి కదా, ఒకే పెట్టెతో బల్బూ ఫ్యానూ నడిపిద్దామనిపిస్తుంది. సెన్సరు ఒక్కటే ఉండటం వల్ల కుదరదు. బల్బుకు తెలియాల్సింది వెచ్చటి కొస సంగతి, ఫ్యానుకు తెలియాల్సింది చల్లటి కొస సంగతి. రెండు పెట్టెలు కొనడమే మేలు.

సెన్సరు జంతువు వీపు ఎత్తున ఉండాలి. టేపుతో అంటిస్తే వేడికి ఊడుతుంది, ఊడిన జిగురు పాము పొలుసులకు పట్టుకుంటే తీయడం నరకం. కేబుల్ టైతో కట్టండి. తాబేలు తొట్టెలో జరిగే ప్రమాదం ఇంకొకటి: సెన్సరు జారి నీళ్లలో పడితే అది ఎప్పుడూ 26 డిగ్రీలే చదువుతుంది, బల్బు ఆరదు, పైన రాయి 50 దాటుతుంది. దీనికి విరుగుడు బల్బు ఎత్తులోనే ఉంది. థర్మోస్టాట్ లేకపోయినా రాయి 35 దగ్గర నిలిచేలా ముందు ఎత్తు సరిచేసి, థర్మోస్టాట్‌ను 37 దగ్గర కాపలాగా మాత్రమే పెట్టుకోవాలి. దీంతో బల్బు నిమిషానికోసారి ఆరి వెలగడమూ తగ్గుతుంది.

నీళ్లున్న చోట ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. ప్లగ్గుకు వెళ్లే వైరు ఒకచోట ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. వైరు వెంట కారిన నీటి చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది, సాకెట్లోకి పోదు.

యూవీ-బీ: కంటికి కనబడని లోటు

280 నుంచి 320 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలు యూవీ-బీ. అవి చర్మంలోని ఒక రకం కొలెస్టరాల్ మీద పడితే డీ3 విటమినుకు ముందు రూపం తయారవుతుంది. అది పూర్తి డీ3గా మారడానికి ఒంటి వేడి కావాలి. తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని పని చేసే రూపంలోకి మారుస్తాయి, అప్పుడు పేగులు కాల్షియాన్ని పీల్చుకుంటాయి. ఈ గొలుసులో వేడి కూడా ఒక కొక్కెమే. అందుకే యూవీ-బీ ట్యూబు ఒక మూల, వేడి బల్బు ఇంకో మూల పెట్టడం తప్పు. రెండూ ఒకే రాయి మీద పడాలి.

యూవీ-బీ లేకపోతే ఎంత కాల్షియం పొడి చల్లినా ఒంటికి పట్టదు. శరీరం రక్తంలో కాల్షియం నిలబెట్టుకోవడానికి ఎముకల్లోంచి లాగుతుంది. తాబేలు డిప్ప నొక్కితే లోపలికి పోతుంది, ఇగ్వానా దవడ రబ్బరులా వంగుతుంది, కాళ్లు వాస్తాయి, వేళ్లు వణుకుతాయి. డీ3 చుక్కలు తాగించి సరిపెడదామంటే మోతాదు మించితే విషమవుతుంది. ఇగ్వానా తిండిలోని డీ3ను సరిగా వాడుకోలేదు కూడా. కిరణాల దారిలో ఆ భయం లేదు. అవసరానికి మించి తయారైనది చర్మంలోనే వేరే నిరపాయమైన పదార్థాలుగా మారిపోతుంది.

సరీసృపాలకు ఎంత యూవీ కావాలో చెప్పడానికి ఫెర్గూసన్ జోన్లని నాలుగున్నాయి. బాల్ పైథాన్ మొదటి జోను, యూవీ సూచీ (యూవీ తీవ్రతను చెప్పే అంకె) 0.7 లోపే చాలు. ఇగ్వానా, ఎర్రచెవుల తాబేలు మూడో జోను, 1.0 నుంచి 2.6 మధ్య. ఎండ కాచుకునే చోట మూడు, నాలుగు దాకా వెళ్లినా ఫరవాలేదు, పక్కన నీడ ఉంటే.

ఆ సూచీని అందించేది సరీసృపాల కోసం తయారైన ఫ్లోరెసెంట్ ట్యూబే. టీ5 హెచ్‌ఓ రకం (సన్నటి, ఎక్కువ శక్తి ఇచ్చే ట్యూబు) మంచిది, లావుగా ఉండే పాత టీ8 కన్నా బలమైనది. యూవీ-బీ 5.0 లేదా 6 శాతం అని రాసున్నది తాబేలుకు 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, 10.0 లేదా 12 శాతం రకం ఇగ్వానాకు 35 నుంచి 45 దూరంలో మొదలుపెట్టి, ట్యూబు పెట్టెమీది పట్టికతో సరిచూసుకోవాలి. పైన అల్యూమినియం రిఫ్లెక్టరు ఉంటే కిందికి వచ్చే కిరణాలు దాదాపు రెట్టింపవుతాయి. మధ్యలో ఇనుప జాలి ఉంటే అల్లికను బట్టి మూడో వంతు నుంచి సగం దాకా పోతాయి, ట్యూబును దగ్గరికి దించాలి. గాజు, యాక్రిలిక్ మూత ఉంటే దాదాపు ఏమీ రావు. ట్యూబు ఎప్పుడూ పైనే ఉండాలి. పక్కనుంచి పడితే కళ్లు మండి మూసుకుపోతాయి, కంటిని కాపాడే కనుబొమ్మ గట్టు పైనుంచి వచ్చే వెలుగుకే అడ్డు.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. రెండడుగుల 24 వాట్ల టీ5 హెచ్‌ఓ ట్యూబు, ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే 14 వాట్ల టీ5 పట్టీ, రెండూ ఒకే పొడవు, 549 మిల్లీమీటర్లు. ట్యూబు చక్కగా అందులో కూర్చుంటుంది, వెలుగుతుంది కూడా. కానీ ఆ పట్టీలోని చౌకు (ట్యూబుకు కరెంటు అందించే భాగం) దానికి కావలసిన కరెంటు ఇవ్వదు. యూవీ తగ్గుతుంది, ట్యూబు కొసలు తొందరగా నల్లబడతాయి. నాలుగడుగుల 54 వాట్లకూ 28 వాట్ల పట్టీకీ ఇదే కథ. హెచ్‌ఓ చౌకున్న ఫిట్టింగే అడిగి తీసుకోవాలి.

ఇంకా ప్రమాదకరమైన పొరపాట్లున్నాయి. నకిలీ నోట్లు చూసే ఊదా దీపం, గోళ్ల రంగు ఆరబెట్టే దీపం ఇచ్చేది యూవీ-ఏ, ఎముకలకు పనికిరాదు. నీళ్ల ఫిల్టర్లలో, ఆసుపత్రి గదుల్లో వాడే క్రిమిసంహారక యూవీ దీపం యూవీ-సీ. అది కొన్ని నిమిషాల్లోనే జంతువు కళ్లనూ మన కళ్లనూ కాల్చేస్తుంది. ‘యూవీ’ అన్న రెండక్షరాలు చూసి కొనకూడదు.

ట్యూబు వెలుగుతూనే ఉంటుంది, యూవీ మాత్రం తగ్గిపోతుంది. కొలిచే మీటరు, సోలార్‌మీటర్ 6.5 వంటిది, ఖరీదైనది. అది లేనివాళ్లు టీ8ను ఆరు నెలలకు, టీ5ను ఏడాదికి మార్చాలి. బిగించిన తేదీని మార్కరుతో ఫిట్టింగు మీదే రాయండి.

ఉచితంగా దొరికేది

తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు మధ్యలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఇంత యూవీ దొరికే చోట ఉండి జంతువు ఎముకలు మెత్తబడటం అన్యాయమే. ట్యూబు కొనలేనివాళ్లు వారంలో నాలుగైదు రోజులు అరగంట చొప్పున బయట ఎండ చూపించినా చాలావరకు నడుస్తుంది.

సమయం ఎంచుకోవడంలోనే మెలకువ. ఆరున్నర, ఏడు గంటల ‘లేత ఎండ’ మంచిదని మనుషులకు చెప్పే మాట ఇక్కడ పనికిరాదు, అప్పుడు యూవీ-బీ నామమాత్రం. గడియారం కన్నా నీడను చూడండి. మీ నీడ మీ ఎత్తుకు రెట్టింపు దాటి ఉంటే చాలదు. ఒకటిన్నర రెట్లకు వస్తే మొదలుపెట్టొచ్చు. ఏప్రిల్‌లో అది ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య వస్తుంది, డిసెంబరులో తొమ్మిది దాటాక. నీడ మీ ఎత్తుతో సమానమయ్యేసరికి ఎండాకాలంలో లోపలికి తెచ్చేయాలి.

బయట ఉంచేది జాలి పంజరంలో. సగం గోనెసంచి కప్పి నీడ చేయాలి, నీళ్ల పళ్లెం ఉండాలి, కాకి, పిల్లి దూరకూడదు. గాజు తొట్టెను అలాగే ఎత్తి ఎండలో పెట్టకూడదు. యూవీ-బీ గాజు దాటదు, వేడి లోపల చిక్కుకుంటుంది, పది పదిహేను నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

కాలాన్ని బట్టి

మార్చి నుంచి జూన్ దాకా సమస్య చల్లబరచడం. గది 33 దాటిన గంటల్లో వేడి బల్బు పూర్తిగా ఆపేసి, యూవీ ట్యూబును మాత్రం వెలగనివ్వాలి. రెండూ వేర్వేరు స్విచ్చుల మీద ఉంటేనే ఇది సాధ్యం, ఒకే దీపంలో వేడీ యూవీ ఇచ్చే మెర్క్యురీ బల్బు మన ఊళ్లకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. తొట్టెను పై అంతస్తు నుంచి కింది గదికి దించడం అన్ని ఉపాయాల కన్నా మేలు. తాబేలు నీళ్ల మీదికి చిన్న ఫ్యాను ఊదిస్తే ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతాయి, రోజూ నీళ్లు పోస్తుండాలి. గడ్డకట్టిన లీటరు సీసా వంద లీటర్ల నీళ్లను ఒక డిగ్రీ మాత్రమే దించుతుంది. అంతకన్నా ఆశించొద్దు, పది సీసాలు ఒకేసారి వేసి జంతువును అదరగొట్టొద్దు. కూలరు పొడి మధ్యాహ్నాల్లో బాగా పని చేస్తుంది, వాన పడ్డాక ఉక్కపోత తప్ప ఏమీ ఇవ్వదు. ఇగ్వానా చల్లటి కొసనే ఉండి నోరు తెరిచి రొప్పుతుంటే ఆలస్యం చేయకుండా గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తడిపి గాలి తగిలించాలి. ఐసు నీళ్లు పోయకూడదు.

నవంబరులో కథ తిరగబడుతుంది. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురుకుంటే ఎండ ఉండదు, నీళ్లు 22, 23కు దిగుతాయి, తాబేటి పిల్లలు తిండి మానేస్తాయి. అప్పుడు ట్యూబూ 40 వాట్ల బల్బూ తమ విలువ చూపిస్తాయి. పిల్లలున్న తొట్టెకు లీటరుకు ఒక వాటు లెక్కన అక్వేరియం హీటరు, 26 దగ్గర. నీళ్లు మార్చేముందు ప్లగ్గు తీసి పావుగంట ఆగాలి. వేడి హీటరు గాలికి బయటపడితే గాజు పగులుతుంది.

పగటి పొడవు మన దగ్గర డిసెంబరులో పదకొండుంపావు గంటలు, జూన్‌లో దాదాపు పదమూడు. టైమరు మీద ఏడాదంతా 12 గంటలు పెట్టేస్తే చాలు, అరగంట అటూఇటూ మార్చుకోవడం ఎవరి ఓపిక వాళ్లది. కరెంటు పోతే కంగారు పడనక్కర్లేదు. ఒక రోజు యూవీ లేకపోతే ఏమీ కాదు, ఒక రాత్రి వేడి లేకపోయినా ఈ వాతావరణంలో తట్టుకుంటాయి. ఇన్వర్టరు పెట్టాల్సింది మే నెలలో ఫ్యానుకు.

దవడ మెత్తబడ్డాక, డిప్ప వంగాక దీపాలు మార్చడం ఒక్కటే సరిపోదు, కాల్షియం మోతాదు వైద్యుడు తేల్చాలి. తిరుపతిలో పశువైద్య కళాశాల ఉంది. వెళ్లేటప్పుడు జంతువుతోపాటు నాలుగు వివరాలు కాగితం మీద రాసుకెళ్లండి: ట్యూబు రకం, బిగించిన తేదీ, ట్యూబుకూ వీపుకూ మధ్య దూరం, రెండు కొసల్లోనూ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కొలిచిన ఉష్ణోగ్రతలు.